ఉక్కు బంటుల మీద తెల్లరంగు

లండన్‌లో పత్రికలకు బొమ్మలు గీసేవాళ్ళకి ఒక సంఘం ఉండేది. ఏటా జనవరిలో ఆ సంఘం సర్వసభ్య సమావేశం జరిగేది. అరవై నాలుగు మొదలు చాలా ఏళ్ళపాటు ఆ సమావేశంలో, టీ విరామానికి కాస్త ముందు, ఒక సన్నపాటి ఆడమనిషి లేచి నిలబడేది. ఆమె లేవగానే మగవాళ్ళు కుర్చీలు వెనక్కి జరుపుకుని పైపులు వెలిగించుకునేవాళ్ళు. ఆమె ఏం చదువుతుందో అందరికీ కంఠతా వచ్చు. పిల్లల బొమ్మల పత్రికల్లో ప్రతి కథ కిందా దాన్ని గీసినవారి పేరు అచ్చు వెయ్యాలని ఈ సభ యాజమాన్యాలను కోరుతున్నది, అంతే. ఒకటి రెండు చేతులు లేచేవి. తీర్మానం వీగిపోయేది. "మళ్ళీ ఏడాదికి కలుద్దాం ఆలివ్" అని వెనక వరసలోంచి ఎవరో ఒకరు అనేవారు. అందరూ నవ్వేవారు. ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుని కూర్చునేది.

ఆమె పేరు ఆలివ్ హాస్కిన్. చాటున అందరూ ఆమెను 'సున్నం ఆలివ్' అనేవారు. ఆ పేరు ఊరికే రాలేదు.

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటేడు ఆలివ్ ఒక పిల్లల బొమ్మల పత్రికాఫీసులో చేరింది. తండ్రి వాల్తమ్‌స్టోలో ట్రాలీబస్సు కండక్టరు. పగలు బిస్కట్ ఫ్యాక్టరీలో డబ్బాలకు చీటీలు అంటిస్తూ, సాయంత్రాలు మునిసిపల్ బడిలో బొమ్మలు నేర్చుకున్న పిల్ల. గీత మంచిది. అందుకే తనను బొమ్మలు గీయడానికి తీసుకున్నారనుకుంది. మొదటిరోజు ఎడిటరు క్రిచ్లీ ఆమెకు కిటికీ పక్క బల్ల చూపించి, ఒక సన్నటి కుంచె, ఒక తెల్లరంగు సీసా చేతిలో పెట్టాడు. గీత బల్లలన్నీ సైన్యం నుంచి తిరిగొచ్చిన మగవాళ్ళకి. ఆడపిల్లకు దిద్దుబాటు బల్ల.

దిద్దుబాటంటే చిల్లర పని చాలానే ఉంటుంది. సిరా చుక్క పడితే కప్పాలి. నాయకుడికి ఒక గడిలో కుడిచేతికున్న గడియారం పక్క గడిలో ఎడమచేతికి వచ్చేస్తే సరిచెయ్యాలి. మాటల బుడగ ఊడిపోతే జిగురు పెట్టి నొక్కాలి. కానీ అసలు పని వేరే. బొమ్మలో ఎక్కడైనా గీసినవాడు తన పేరు పెట్టుకున్నాడేమో వెతికి, దొరికితే దాని మీద తెల్లరంగు పూసెయ్యాలి. పూశాక బొమ్మ గీసిన అట్టను వెనక్కి తిప్పి తన పొట్టి సంతకం చెయ్యాలి, శుభ్రం చేశానని గుర్తుగా. అంటే గీసినవాడు సంతకం పెట్టకూడదు, చెరిపినవాళ్ళు మాత్రం పెట్టి తీరాలి. అదీ అక్కడి న్యాయం.

పత్రిక చివరి పేజీ అడుగున అచ్చాఫీసు పేరు, చిరునామా ఉండేవి, అలా ఉండాలని చట్టం. టాఫీలు చేసే కంపెనీ పేరు పేజీ సగం ఉండేది. గీసినవాడికి మాత్రం పేరు లేదు. పిల్లలు ఒక పేరు మీద అభిమానం పెంచుకున్నారంటే రేపు ఆ పేరుగలవాడు వేరే పత్రికకు పోతే పిల్లలూ వెంటపోతారు. పోకుండా ఉండాలంటే వాడు అడిగింది ఇవ్వాలి. పేరే లేనివాణ్ణి ఎప్పుడు మార్చినా ఎవరికీ తెలియదు. ఇంత తేటగా ఎవరూ నోటితో చెప్పేవారు కాదు. "ఇది మన ఇంటి పద్ధతి" అనేవారు. కొల్లగొట్టేవాడికి పద్ధతి అనే మాటంత చౌకైన ముసుగు ఇంకోటి దొరకదు.

ఆ పత్రిక చేతికి రాగానే పిల్లలు ముందుగా తిప్పే పేజీలు 'ఉక్కు బంటులు'. అంగారకుడికి అవతల ఒక గడ్డకట్టిన చందమామ మీద గనులు తవ్వడానికి మనుషులు పంపిన ఇనుప మనుషుల దండు కథ అది. వాళ్ళకి పేర్లు లేవు, అంకెలే. కెప్టెన్ హార్లాండ్ అనే అందగాడు వాళ్ళకి నాయకుడు. మంచు కింద నుంచి పాకి వచ్చే పురుగులు, ఉల్కల వాన, తిరగబడే యంత్రాలు. ప్రతి వారం ఎవడో ఒక బంటు లోయ అంచున ఒంటిచేత్తో వేలాడుతుండగా కథ ఆగిపోయేది. మళ్ళీ పత్రిక వచ్చే మంగళవారం దాకా దేశంలో సగం మంది పిల్లలు ఆ బంటు గురించే కొట్టుకునేవారు.

దాన్ని గీసేది లెన్ గార్‌సైడ్. లాంకషైర్ మనిషి, తండ్రి రైలింజన్లకు బాయిలర్లు చేసే షాపులో రివెట్లు కొట్టినవాడు. లెన్ కూడా కుర్రతనంలో ఆ షాపులోనే పనిచేశాడు. అందుకే అతను గీసిన బంటుల ఒంటి మీద ప్రతి అతుకూ నమ్మేలా ఉండేది. సొట్టలుండేవి, మసి ఉండేది. పొద్దంతా తవ్వాక ఆ బంటులు పారల మీద బరువు మోపి నిలబడేవి. ఒకసారి క్రిచ్లీ అట్టను కిటికీ వెలుగులోకి వంచి చూస్తూ ఇనుముకి అలసటేమిటయ్యా గార్‌సైడ్ అని వెక్కిరించాడు. మా షాపులో చూశానండీ, ఇనుము కూడా అలసిపోతుంది అన్నాడు లెన్, టోపీ చేతుల్లో తిప్పుకుంటూ. ఎడిటరు ముందు అతను ఎప్పుడూ కూర్చునేవాడు కాదు. కూర్చోమని ఆయనా ఎప్పుడూ అనలేదు.

ఇంటి దగ్గర గీసే మిగతావాళ్ళు అట్టలు పోస్టులో పంపేవారు. లెన్ మాత్రం డెట్‌ఫర్డ్ నుంచి బస్సెక్కి, గోధుమరంగు కాగితంలో చుట్టి స్వయంగా తెచ్చేవాడు. తెచ్చి ఆలివ్ బల్ల పక్కన నిలబడేవాడు, ఎందుకంటే వాళ్ళిద్దరి మధ్యా ఒక ఆట ఉండేది.

మొదట్లో అతను కింద మూలన మామూలుగా పేరు రాసేవాడు. ఆమె చెరిపేసేది. తరవాత రాళ్ళ నీడలో కలిపేశాడు. ఆమె పట్టుకుంది. అప్పట్నుంచి దాచడం అతని వంతు, వెతకడం ఆమె వంతు. బంటు మోకాలి చీల చుట్టూ, పార పిడి మీద, గనిబండి చక్రం ఆకుల మధ్య, చీమ తలకాయంత అక్షరాలతో ఎల్. గార్‌సైడ్. ఆమె భూతద్దం పెట్టి చూసి కుంచె ముంచేది.

"దొరికిందా తల్లీ?"

"దొరికింది మిస్టర్ గార్‌సైడ్. ఈసారి చెవి వెనకాల."

ఇద్దరూ నవ్వుకునేవారు. మాటల బుడగల్లో అక్షరాలు రాసే డాట్ పార్జిటర్ పక్క బల్ల మీంచి ఈ వేడుక చూసేది. డాట్ నోరు మంచిది కాదని ఆఫీసంతా అనుకునేది. నిజానికి ఆ నోట్లో అబద్ధం ఉండేది కాదు, అంతే. "దొంగా పోలీసూ ఆట బానే ఉంది మీది. కాకపోతే పోగొట్టుకున్నవాడే దొంగవడం నేనెక్కడా చూళ్ళేదు" అందొకసారి. ఆలివ్ ఆ మాటకీ నవ్వింది. ఒక మనిషి పేరును వారం వారం తుడిచిపెడుతూ దాన్ని సరదా అనుకున్నారంటే, అప్పటికి వాళ్ళిద్దరూ ఆ పద్ధతికి ఎంతగా అలవాటు పడిపోయారో చూడండి.

ఆట ఏళ్ళతరబడి సాగింది. అది సాగినంతకాలం ఆలివ్ ఇంట్లో రాత్రిళ్ళు నాట్యం చేసే అమ్మాయిల బొమ్మలు గీసుకుని, వాటిని క్రిచ్లీకి చూపిస్తూనే ఉంది. పై అంతస్తులో ఆడపిల్లల వారపత్రిక ఒకటుంది. అందులో రెండు పేజీలు దొరికితే చాలనుకుంది. చూద్దాం మిస్ హాస్కిన్ అనేవాడాయన. ఆ చూద్దాం మీదే ఆమెకు ముప్పై దాటాయి.

ఇంతలో ఇళ్ళల్లోకి టెలివిజన్లు వచ్చాయి, పత్రిక అమ్మకం పడిపోయింది. అలాంటప్పుడు పత్రికాఫీసులున్న ఆ వీధిలో ఒక రివాజు ఉంది. ఏదైనా పత్రికను చంపెయ్యాలనుకుంటే దాన్ని ఇంకో పత్రికలో కలిపేస్తారు. కలిపేసే వారం ముఖచిత్రం మీద పెద్ద అక్షరాలతో 'పాఠకులకు శుభవార్త' అని వేస్తారు. ఆ అక్షరాలు డాట్ రాయాలి. "పదిమంది పొయ్యిలు ఆరినప్పుడల్లా ఈ శుభవార్త నా చేతే రాయిస్తారు" అని గొణుక్కుంటూ రాసింది. ఉక్కు బంటులు కొత్త పత్రికలోకి వెళ్ళడం లేదు. లెన్‌కి చివరి రెండు పేజీలు గీసి ముగించమని చెప్పారు.

ఆ ఆఖరి అట్టలు తెచ్చే ముందువారం లెన్ ఆలివ్‌ని ఆఫీసు కింద టీకొట్టుకు రమ్మన్నాడు. అన్నేళ్ళలో అతను ఆమెను ఎక్కడికైనా రమ్మనడం అదే మొదలు. వెన్న రాసిన బన్ను ముక్కలు చేస్తూ, తినకుండా, విషయం చెప్పాడు.

అతని కూతురు గ్లెనిస్‌కి తొమ్మిదేళ్ళు. బడిలో టీచరమ్మ పిల్లల్ని లేపి మీ నాన్నలు ఏం పని చేస్తారని అడిగిందట. ఓడరేవు కూలీలు, బస్సు డ్రైవర్లు, సబ్బుల ఫ్యాక్టరీ వాళ్ళు అందరూ చెప్పారు. గ్లెనిస్ వంతు వచ్చేసరికి మా నాన్న ఉక్కు బంటులు గీస్తాడంది. క్లాసంతా గొల్లుమంది. ఒక కుర్రాడు సంచిలోంచి పత్రిక తీసి, పేరేదీ చూపించు అన్నాడు. పేరు లేదు. అలా అయితే మా మామయ్య గీస్తాడు పో అన్నాడు ఇంకొకడు. టీచరమ్మ మంచిదే, కానీ ఆవిడకూ నమ్మకం కుదరలేదు. అబద్ధమాడానని ఒప్పుకో, లేకపోతే రుజువు పట్రా అంది. అప్పట్నుంచి ఆ పిల్లను ఎవరూ ఆటకు పిలవడం లేదు. కనబడితే చాలు ఇనుప మనిషిలా కాళ్ళు బిగదీసి నడుస్తూ వెక్కిరిస్తున్నారు.

లెన్ క్రిచ్లీని ఒక చిన్న ఉత్తరం ఇమ్మని అడిగాడు. ఎవరు ఏది గీస్తారో బయటివాళ్ళకు చెప్పడం మన పద్ధతి కాదు, పిల్లలకు కావలసింది బంటులు గానీ వాటిని గీసే బట్టతల మనుషులు కాదు అన్నాడట ఆయన.

"మీరే బడికెళ్ళి, టీచరు ముందు ఓ బొమ్మ గీసి చూపించొచ్చుగా?" అంది ఆలివ్.

"అలాంటి చోట్ల నాకు నోరు పెగల్దు తల్లీ. అచ్చులో ఉన్న పేరైతే దానంతటదే మాట్లాడుద్ది." బన్ను పక్కకి నెట్టాడు. "ఆఖరిదే కదా. ఏడో నంబరు బంటు గుండెల మీద రేకుంటుంది చూడు, దాని మీద రాస్తాను, అందరికీ కనపడేలా. దాన్నొక్కదాన్ని వదిలెయ్యి."

ఆమె వెంటనే ఒప్పుకుంది. పత్రికే పోతున్నాక తననేం చేస్తారు, ఒక చీవాటు పెడతారు, అంతేగా అనుకుంది. ఆ సంగతి నిజమే కూడా. పెద్ద ప్రమాదమేమీ లేదు. కథలో ఏడవవలసిన చోటు అదే.

లెన్ ఇంటికెళ్ళి కూతురికి చెప్పాడు. గ్లెనిస్ బడికెళ్ళి అందరికీ చెప్పింది, ఆఖరి సంచిక వచ్చినప్పుడు చూడండి, ఏడో బంటు గుండెల మీద మా నాన్న పేరుంటుంది అని.

అచ్చుకు పంపే రోజు ఆ అట్ట ఆలివ్ బల్ల మీదికి వచ్చింది. లెన్ గీసినవాటిలో అంత మంచిది ఇంకోటి లేదు. గని మూసేశారు. కెప్టెన్ దొరగారు ఓడెక్కి చెయ్యి ఊపుతూ భూమికి వెళ్ళిపోతున్నాడు. బంటుల్ని తీసుకెళ్ళడం లేదు, వాటి అవసరం తీరిపోయింది. అవి మంచులో వరసగా నిలబడి పైకి చూస్తున్నాయి. ముందున్న ఏడో నంబరు గుండెల మీది రేకు మీద స్పష్టంగా ఎల్. గార్‌సైడ్. దాగింది కాదు, దాచిందీ కాదు. ఆలివ్ ఆ పేరును చాలాసేపు చూసింది. తరవాత పక్క గడిలో వంకరగా పోయిన గీత ఒకటి సర్దడానికి కుంచె ముంచింది.

అప్పుడే క్రిచ్లీ వచ్చి ఆమె భుజం వెనక నిలబడ్డాడు. పై అంతస్తులో నాట్యం బడి కథ గీసే ఆవిడకు పెళ్ళి కుదిరిందట, వచ్చే నెల మానేస్తోందట. "నీ బొమ్మలు పైవాళ్ళకి చూపించాను మిస్ హాస్కిన్. పర్లేదన్నారు" అన్నాడు. ఆలివ్ చెవులు వేడెక్కాయి. ఆయన ఇంకా చెబుతున్నాడు, ఎన్ని పేజీలు, ఏ బల్ల, ఎవరి కింద పనిచెయ్యాలి అని. ఆమె తలూపుతోంది. తలూపుతూనే ఉంది, చెయ్యి తన పని తాను చేసుకుపోతోంది. కిందికి చూసేసరికి ఏడో బంటు గుండెల మీద రేకు తెల్లగా, తడిగా మెరుస్తోంది.

చెయ్యి చేసింది. పేరు కనపడితే పూయడం ఆ చేతికి ఊపిరి తియ్యడంలాగా అయిపోయింది. అందులో ఆమె తప్పు ఎంతుందో చెప్పడం కష్టం. కానీ రంగు ఇంకా తడిగానే ఉంది. సిరా నీళ్ళకు చెదరదు, తెల్లరంగు ఇట్టే వచ్చేస్తుంది. బల్ల మీద తడిగుడ్డ ఉంది. ఒక్కసారి తుడిస్తే పేరు మళ్ళీ పైకొచ్చేది. తుడవాలంటే క్రిచ్లీ చూస్తుండగా తుడవాలి. ఆమె ఆ గుడ్డ వంక చూసింది. ఆయన మాట పూర్తయ్యేదాకా ఆగుదామనుకుంది. ఆయన మాట పూర్తి చేసి, అట్టను చేతిలోకి తీసుకుని, కిటికీ దగ్గర వంచి చూసి, బావుంది సంతకం పెట్టు అన్నాడు. ఆమె వెనక్కి తిప్పి సంతకం పెట్టింది.

ఆయన వెళ్ళాక డాట్ తల ఎత్తకుండానే అడిగింది.

"వదిలేస్తానన్నావుగా?"

"అలవాటులో పడిపోయి..."

"అలవాటు చేతికుంటుందే. కళ్ళకుండదు."

సంచిక వచ్చిన వారం ఆలివ్ లెన్ కోసం ఎదురుచూసింది. వచ్చి తిడతాడనుకుంది. తిడితే బాగుండనుకుంది. అతను రాలేదు. ఇక ఆ ఆఫీసుకి రావలసిన పని అతనికి లేదు. ఉత్తరం రాద్దామని నాలుగైదుసార్లు కూర్చుంది. అలవాటులో చెరిపేశానని రాయాలా, చూసి కూడా తుడవలేదని రాయాలా తేలక లేచిపోయింది. ఆమెకు పై అంతస్తులో బల్ల దొరికింది. నాట్యం బడి అమ్మాయిల్ని వారానికి రెండు పేజీల చొప్పున గీసింది. ఒక్కసారి కూడా కింద పేరు పెట్టలేదు. పెట్టి, తన పాత దిద్దుబాటు బల్ల దగ్గర కొత్తగా చేరిన పిల్ల చేత చెరిపించుకునే ధైర్యం ఆమెకు లేకపోయింది.

కొన్నేళ్ళకు, అరవై మూడులో, అందరికీ గుర్తుండే ఆ చలికాలం వచ్చింది. క్రిస్మస్ మర్నాడు పడ్డ మంచు మార్చి వచ్చేదాకా కరగలేదు. కరిగాక ఊరంతా నీళ్ళ గొట్టాలు పగిలాయి. పత్రికాఫీసు నేలమాళిగలోనూ పగిలింది. పాత బొమ్మలు ఏవో చూసుకోవడానికి ఆలివ్ కిందికి దిగింది. మెట్ల దగ్గర్నుంచి భవనాన్ని వెచ్చబెట్టే కొలిమి గది దాకా నేలంతా దళసరి అట్టలు పరిచి ఉన్నాయి. గుమాస్తాలు వాటి మీద అడుగులేసుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నారు. కాపలా చూసే ముసలాయన ఇంకో కట్ట విప్పుతున్నాడు.

"జారుద్దమ్మా, అట్టల మీదే నడు. పాత కాయితాలేలే. భలే పీలుస్తన్నాయి నీళ్ళు."

ఆమె ఒక అట్ట మీద కాలు పెట్టబోయి ఆగిపోయింది. దాని మీద ఉక్కు బంటులు. పక్కదాని మీదా వాళ్ళే. నీళ్ళకు తెల్లరంగు కరిగిపోయి పాలలాగా పక్కలకు కారుతోంది. దాని కింద నల్లగా, చెక్కుచెదరకుండా, పేర్లు లేచి వస్తున్నాయి. మోకాలి చీల దగ్గర, పార పిడి మీద, చక్రం ఆకుల మధ్య, చెవి వెనకాల. ఆమె ఎక్కడెక్కడ పూసిందో అక్కడల్లా ఎల్. గార్‌సైడ్. ఒక గుమాస్తా ఫైళ్ళు మోసుకుంటూ ఆ పేర్ల మీదుగా నడిచిపోయాడు.

ఆలివ్ మోకాళ్ళ మీద కూర్చుని ఆఖరి అట్ట కోసం వెతికింది. దొరకలేదు. అడుగున ఎక్కడో నాని ఉంటుంది, లేదా ముందే కొలిమిలోకి పోయి ఉంటుంది. చివరికి చేతికందిన ఒకదాన్ని, సగం మడమ అచ్చుపడినదాన్ని, కోటు లోపల పెట్టుకుని పైకొచ్చింది. కంపెనీ సొమ్ము ఆమె తాకడం అదే మొదటిసారి. నిజంగా అది కంపెనీ సొమ్మేనా అని ఆమె తనను తాను ప్రశ్నించుకోవడం కూడా అదే మొదటిసారి.

శనివారం మధ్యాహ్నం డెట్‌ఫర్డ్ వెళ్ళింది. లెన్ తలుపు తీశాడు. బాగా వంగిపోయాడు. ఇప్పుడు బట్టలుతికే యంత్రాలు ఎలా వాడాలో చెప్పే పుస్తకాలకు బొమ్మలు గీస్తున్నాడట, ఈ మీట ఇటు తిప్పండి అని బాణం గుర్తులు.  రా తల్లీ అని లోపలికి పిలిచి, భార్య ఆసుపత్రి లాండ్రీలో పనికి వెళ్ళిందని చెప్పి, తనే టీ కాచాడు. ఆలివ్ కాగితం విప్పి అట్టను బల్ల మీద పెట్టింది.

లెన్ కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. పేరు వంక కాదు, బొమ్మ వంక. "ఆ వెనక వాడి కాలు తప్పు గీశాను" అన్నాడు. తరవాత పేరు దగ్గర వేలు ఆగింది. చెరగలేదే అన్నాడు. చెరగదు అంది ఆలివ్. తను చెప్పవలసింది ఇంకా ఉంది. గొంతు సవరించుకునేలోపల వీధి తలుపు చప్పుడైంది. గ్లెనిస్ లైబ్రరీ పుస్తకాలతో లోపలికొచ్చింది. పద్నాలుగేళ్ళ పిల్ల, తండ్రి కంటే పొడుగు.

"ఇలా రా, చూడు" అన్నాడు లెన్. గొంతులో ఏదో పాత సంతోషం కదిలింది. "నా పేరు. ఉందా? నేను చెప్పలా?"

పిల్ల దగ్గరికొచ్చి చూసింది. పుస్తకాలు గుండెలకు హత్తుకునే ఉంది.

"నువ్వే గీశావని నాకెప్పుడూ తెలుసు నాన్నా. నువ్వు గీస్తుంటే పక్కన కూర్చుని చూసేదాన్ని. అబద్ధం ఆడానని చెప్పమన్నది నువ్వే."

లెన్ టీ కెటిలు అందుకున్నాడు. నిండుగా ఉన్న కప్పులోనే మళ్ళీ టీ పోశాడు. అది సాసరులోకి పొర్లింది. అప్పుడు ఆలివ్‌కి జరిగింది మొత్తం అర్థమైంది. ఆఖరి సంచిక బడికి వచ్చిన రోజు క్లాసంతా ఏడో బంటు గుండెల మీద చూసి ఉంటుంది. తెల్లటి రేకు. ఆ సాయంత్రం ఈ మనిషి ఇదే బల్ల దగ్గర కూర్చుని, గొడవెందుకులే అమ్మా, అబద్ధమాడాను క్షమించండి అని చెప్పెయ్యి, అయిపోతుంది అని ఉంటాడు. పిల్ల మర్నాడు లేచి నిలబడి చెప్పి ఉంటుంది.

కాసేపటికి లెన్ అట్టను జాగ్రత్తగా మళ్ళీ గోధుమరంగు కాగితంలో చుట్టి, దారం కట్టి, ఆలివ్ చేతికిచ్చాడు. ఇది ఆఫీసుది కదా తల్లీ, ఎవరైనా అడిగితే నీకు మాటొస్తుంది, తీసుకెళ్ళిపో అన్నాడు. బతిమాలినట్టుగా అన్నాడు. గ్లెనిస్ తండ్రి చేతుల వంక ఒకసారి చూసి మొహం తిప్పుకుంది. బస్సు ఎక్కడాగుతుందో చూపించమని కూతురిని ఆమెతో పంపాడు.

ఇద్దరూ రోడ్డు చివరిదాకా నడిచారు, పుస్తకాలు ఇంకా గ్లెనిస్ చేతుల్లోనే ఉన్నాయి. కాలిబాట పక్కన మురికి మంచు ఇంకా కుప్పలుగానే ఉంది. స్టాపు దగ్గర నిలబడ్డాక ఆలివ్ చెప్పేసింది. తను ఆ ఆఫీసులో ఏం పని చేసేదో, మాట ఎలా ఇచ్చిందో, ఆ రోజు ఎడిటరు ఏం చెబుతుండగా తన చెయ్యి ఏం చేసిందో. పిల్ల మధ్యలో ఆపకుండా వింది.

"మళ్ళీ తుడవడానికి చాలాసేపు పట్టేదా?"

"లేదు. ఒక్క తుడుపు."

గ్లెనిస్ తలూపింది. కోపం లేదు. ఎప్పటినుంచో ఉన్న లెక్క ఒకటి తేలినట్టు ఊపింది.

"మా నాన్నకీ అంతే పట్టేది. బడికొచ్చి నల్లబల్ల మీద ఓ బంటుని గీస్తే సరిపోయేది. ఏడ్చాను రమ్మని. బడి గేటు దాకా వచ్చాడు. అక్కడ హెడ్మాస్టర్ని చూసి టోపీ తీసి, గుడ్ మార్నింగ్ సార్ అని, వెనక్కెళ్ళిపోయాడు."

మలుపులో బస్సు కనపడింది. ఆలివ్ సంచి సర్దుకుంది. గ్లెనిస్ చెయ్యి చాచింది.

"అదిలా ఇవ్వండి. అడిగితే నా దగ్గరుందని చెప్పండి."

"అది కంపెనీది అన్నాడుగా మీ నాన్న."

"అన్నాడు" అంది పిల్ల.

ఆలివ్ కట్ట ఇచ్చేసింది. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుని అద్దం మీది ఆవిరిని చేత్తో తుడిచింది. గ్లెనిస్ అప్పటికే దారం విప్పేసి, పుస్తకాలు కాళ్ళ దగ్గర పెట్టి, కాలిబాట మీద నిలబడి ఆ అట్టను చూస్తోంది. పిల్ల నవ్వుతోందో ఏడుస్తోందో బస్సు కదలడంతో ఆలివ్‌కి తెలియలేదు.